కలగలిసిన ఫిల్ము సేకరణకు సురక్షితమైన ద్రావణి ఎంపిక: ఒక కేస్ స్టడీ

ఒక స్టూడియో ఫొటోగ్రాఫర్ తన వృత్తి జీవితమంతా తీసిన నెగటివ్‌లను, స్లైడ్‌లను స్కానింగ్‌కు ముందు శుభ్రం చేయించాలని ఆయన వారసులు నాకు అప్పగించారు. తేమ తగిలే గోడ పక్కన, మూసి ఉంచిన చెక్క బీరువాలో ఏళ్ల తరబడి ఉండిపోయిన సేకరణ అది. పెద్ద సైజు నలుపు-తెలుపు షీట్ నెగటివ్‌లు, 120 రోల్ నుంచి కత్తిరించిన ముక్కలు, 35 మిల్లీమీటర్ల కలర్ నెగటివ్ స్ట్రిప్‌లు, అట్ట ఫ్రేముల్లో బిగించిన కలర్ స్లైడ్‌లు, ప్రింటింగ్ పనికి వాడిన కొన్ని లిథో ఫిల్ములు అందులో కలగలిసి ఉన్నాయి. వాటికి పట్టిన మురికి కూడా ఒక్క రకం కాదు. కొన్నిటిపై బూజు సన్నని పోగులుగా పాకింది. కొన్నిటికి పీవీసీ కవర్ల నుంచి ఊరిన జిడ్డు పట్టింది. కొన్నిటి అంచులకు పాత టేపు జిగురు ఉంది. వేలిముద్రలు దాదాపు అన్నిటిపైనా ఉన్నాయి. పైగా పోర్ట్రెయిట్ నెగటివ్‌లలో చాలావాటికి పెన్సిలుతోనూ రంగుతోనూ రీటచింగ్ చేసి ఉంది.

వారసులు అడిగింది ఒక్కటే: దేనితో తుడిస్తే పోతుంది? అప్పటికే వారికి ఒకరు సర్జికల్ స్పిరిట్ అనీ, ఒకరు గోళ్లరంగు తుడిచే ద్రవం అనీ, ఇంకొకరు పెట్రోలు అనీ సలహాలు ఇచ్చి ఉన్నారు. ఈ మూడిటిలో దేన్ని సేకరణ మొత్తానికి వాడినా ఏదో ఒక భాగం తిరిగి బాగుచేయలేనంతగా దెబ్బతినే ప్రమాదం ఉంది. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం అదే. మురికిని ఏది కరిగిస్తుందన్న ప్రశ్న కంటే ముందు, ఫిల్ములో కరగకూడనివి ఏమేమిటో తేల్చుకోవాలి. అలా తేల్చుకున్నాక మిగిలే ద్రావణులు చాలా కొద్ది. వాటిలోనూ పని జరిగేంత బలం మాత్రమే ఉన్నదాన్ని ఎంచుకుంటే ఫిల్ముకూ, తుడిచే మనిషికీ క్షేమం.

కరగకూడనివి

పారదర్శకమైన ప్లాస్టిక్ బేస్, దానిపై జెలటిన్ పొర, ఈ రెండూ కలిస్తే ఫిల్ము. జెలటిన్ పొరనే ఎమల్షన్ అంటాం. నలుపు-తెలుపు నెగటివ్‌లో ఈ జెలటిన్‌లో సన్నని వెండి కణాలు ఉంటాయి. చాలా కలర్ ఫిల్ముల్లో వెండి స్థానంలో రంగులు ఉంటాయి. అవి సులభంగా ఆవిరి కాని, నూనెలాంటి ద్రవపు సూక్ష్మ బిందువుల్లో ఇమిడి జెలటిన్ నిండా చెదిరి ఉంటాయి. ఆ రంగులను కరిగించగల ద్రావణులు చాలానే ఉన్నా, చుట్టూ ఉన్న జెలటిన్ పొడిగా, బిగుతుగా ఉన్నంతవరకు అవి లోపలికి చొరబడలేవు. జెలటిన్ నీటిని పీల్చి ఉబ్బినప్పుడు ఆ కాపలా సడలుతుంది. హెప్టేన్ వంటి హైడ్రోకార్బన్లు జెలటిన్‌ను ఉబ్బించవు. నీరు లేని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కూడా దాదాపు ఉబ్బించదు. అదే ఆల్కహాల్‌లో 30 శాతం నీరు కలిస్తే, నీరు జెలటిన్‌ను తెరుస్తుంది, తెరుచుకున్న దారిలో ఆల్కహాల్ కూడా ప్రవేశిస్తుంది. సర్జికల్ స్పిరిట్‌ను నేను మొదటే తోసిపుచ్చడానికి ఇదొక కారణం. రెండో కారణం, అలాంటి స్పిరిట్లలో కొన్నిటిలో చర్మం కోసం ఆముదం వంటి నూనెలు కలుపుతారు. అవి ఆవిరి కాకుండా ఫిల్ముపై పొరగా మిగిలిపోతాయి.

బేస్‌కు ఉన్న భయాలు వేరు. బేస్‌గా వాడిన ప్లాస్టిక్‌లలో సెల్యులోజ్ నైట్రేట్, సెల్యులోజ్ డైఅసిటేట్ అసిటోన్‌లో కరిగిపోతాయి. ట్రైఅసిటేట్ పూర్తిగా కరగకపోయినా మెత్తబడి మెలితిరుగుతుంది, ఆ తరువాత మళ్లీ సమతలానికి రాదు. గోళ్లరంగు తుడిచే ద్రవంలో సాధారణంగా అసిటోన్ గానీ ఇథైల్ అసిటేట్ గానీ ఉంటుంది కనుక అసిటేట్ ఫిల్ము దగ్గరకు దాన్ని రానివ్వకూడదు. డైక్లోరోమీథేన్ ట్రైఅసిటేట్‌ను కరిగిస్తుంది. సినిమా ఫిల్ము ముక్కలను అతికించే సిమెంటులో దాన్ని వాడింది ఆ గుణం కోసమే. పాలియెస్టర్ బేస్ వీటిలో చాలావాటిని తట్టుకుంటుంది. అయితే జెలటిన్ దానికి అంటుకోవడానికి మధ్యలో వేసిన పలుచని పొర కూడా అంతే గట్టిదని అనుకోవడానికి వీల్లేదు.

అసిటేట్ బేస్‌లో మరో అంశం ఉంది. బేస్ పెళుసుబారకుండా తయారీలోనే ట్రైఫినైల్ ఫాస్ఫేట్, థాలేట్‌ల వంటి ప్లాస్టిసైజర్లు కలుపుతారు. ఆల్కహాల్‌తో ఒక్కసారి తుడిచి వెంటనే ఆరబెడితే వాటికి ఏమీ కాదు. ఫిల్మును ఆల్కహాల్‌లో ముంచి ఉంచితే మాత్రం అవి కొంత కొంతగా బయటికి వచ్చేస్తాయి, బేస్ ముడుచుకుంటుంది. అందువల్ల ఈ పనిలో ఏ ద్రావణి విషయంలోనైనా నేను పాటించిన నియమం తుడవడమే, నానబెట్టడం లేదు.

ఇక రీటచింగ్. ఈ సేకరణలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే, ఎందుకంటే ఒకే నెగటివ్‌పై పరస్పర విరుద్ధమైన బలహీనతలు దీనివల్లే ఏర్పడతాయి. ముఖంపై మచ్చలను సరిచేయడానికి వాడిన ఎర్ర రంగు, ఆకాశాన్ని కప్పడానికి పూసిన ఒపేక్ (వెలుతురును అడ్డుకునే పూత) రెండూ నీటిలో కరిగేవి. పెన్సిలు గీతలు నిలవడానికి ముందుగా పూసే రీటచింగ్ వార్నిష్ సాధారణంగా డమ్మర్ రెసిన్‌ను టర్పెంటైన్‌లో కరిగించి చేసినది, అంటే హైడ్రోకార్బన్లకు లొంగేది. నీటికి భయపడి హెప్టేన్ వాడితే పెన్సిలు పని చెదిరిపోవచ్చు, హెప్టేన్‌కు భయపడి నీరు వాడితే రంగు కారిపోతుంది. ఆ గీతలు ఫొటోగ్రాఫర్ చేతి పనితనం. అవి మురికి కాదు. వాటిని ఏ ద్రావణితోనూ తుడవకూడదని మొదటే నిర్ణయించాను.

ఏది ఏ ఫిల్ము

గుర్తింపు తేలికైన దానితో మొదలుపెట్టాను. అంచున ముద్రించిన అక్షరాలను భూతద్దంతో చదివితే చాలావాటిపై సేఫ్టీ అన్న మాట కనిపించింది. అది అసిటేట్ గానీ పాలియెస్టర్ గానీ కావచ్చు. ఆ రెండిటినీ వేరుచేయడానికి అడ్డంగా అమర్చిన రెండు పోలరైజింగ్ పొరల మధ్య ఫిల్మును ఉంచి చూశాను. పాలియెస్టర్ ఇంద్రధనుస్సు రంగులు చూపుతుంది, అసిటేట్ చూపదు. లిథో ఫిల్ములు పాలియెస్టర్‌వని ఇలా తేలింది. ఫిల్ముకు ఏ హానీ లేని పరీక్ష కనుక దీన్ని అందరికీ సూచిస్తాను.

షీట్ నెగటివ్‌లలో కొన్నిటికి అంచున గాట్లు ఉన్నాయి. 1949కి ముందు కోడక్ షీట్ ఫిల్ముల్లో అంచు నుంచి మొదటి గాటు వీ ఆకారంలో ఉంటే అది నైట్రేట్, యూ ఆకారంలో ఉంటే సేఫ్టీ. అలాంటి వీ గాటు ఉన్నవి కొన్ని బయటపడ్డాయి. వాటిని అప్పటికప్పుడే మిగతావాటి నుంచి వేరుచేశాను. నైట్రేట్ మండటానికి బయటి ఆక్సిజన్ అవసరం లేదు, దానిలోనే ఉంటుంది. అందుకే ఒకసారి అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. శిథిలావస్థకు చేరిన నైట్రేట్, ఎక్కువ కాలం సుమారు 41 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంటే తనంతట తానే అంటుకోగలదు. మండే ద్రావణి ఆవిరి ఉన్న గదిలో అలాంటి ఫిల్మును ఉంచడం నాకు సమ్మతం కాలేదు. వాటికి మెత్తని కుంచెతో దుమ్ము దులపడం తప్ప మరేమీ చేయలేదు. డైఫినైల్‌అమైన్ పరీక్షతో నైట్రేట్‌ను రూఢి చేసుకోవచ్చు, నీలి రంగు వస్తుంది. కానీ అందులో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటుంది కనుక అది ప్రయోగశాలలో తెలిసినవారు చేయవలసిన పని.

అసిటేట్ షీట్లలో కొన్ని వెనిగర్ వాసన కొడుతున్నాయి. బేస్ విచ్ఛిన్నమై అసిటిక్ ఆమ్లం వెలువడుతోందని దాని అర్థం. ఆ ఆమ్లమే విచ్ఛిన్నాన్ని మరింత వేగవంతం చేస్తుంది. దీన్ని ఏ ద్రావణీ నయం చేయలేదు. వాటిలో కొన్నిటిపై తెల్లని స్ఫటికాలు కనిపించాయి. బూజు అనుకునే వీలుంది గానీ అవి బేస్ ముడుచుకోవడంతో పైకి తేలిన ప్లాస్టిసైజర్. తుడిస్తే పోతాయి, కొంతకాలానికి మళ్లీ వస్తాయి. ఈ షీట్లలో బేస్ ముడుచుకుని ఎమల్షన్ ముడతలు పడడం మొదలైంది. ఆ స్థితిలో గుడ్డ తాకినా పొర లేచిపోగలదు కనుక వీటిని కూడా శుభ్రం చేసే జాబితా నుంచి తప్పించాను.

బూజు ఉన్నచోట నీరు ఎందుకు కూడదు

సాధారణ పరిస్థితిలో నలుపు-తెలుపు నెగటివ్‌ను నీటిలో మళ్లీ కడగడం తప్పేమీ కాదు. నీటిలో కరిగే మురికికి, ముఖ్యంగా చెమటలోని లవణాలకు, నీటిని మించినది లేదు. కానీ బూజు జెలటిన్‌ను ఆహారంగా తిని జీర్ణం చేస్తుంది. ఆ క్రమంలో అది దాడి చేసిన చోట జెలటిన్ నీటిలో కరిగిపోయే స్థితికి వస్తుంది. పైకి బొమ్మ బాగానే కనిపిస్తుంది; నీళ్లలో వేయగానే బూజు ఉన్న మేర బొమ్మ కూడా కరిగి కొట్టుకుపోతుంది. బూజు పట్టిన ఫిల్ముకు నీరు గానీ, నీటి ద్రావణాలు గానీ వాడవద్దని కోడక్ చెబుతూ వచ్చింది కూడా ఇందుకే. ఈ ఒక్క సంగతి తెలియక పోగొట్టుకున్న ఫిల్ములు ఎన్నో ఉంటాయని నా నమ్మకం.

బూజును చంపడానికి 70 శాతం ఆల్కహాల్ మేలన్న మాట నిజమే. అందులోని నీరే సూక్ష్మజీవుల ప్రోటీన్లను గడ్డకట్టించడానికి తోడ్పడుతుంది. అయితే ఆ నీరే జెలటిన్‌కు శత్రువు. ఫిల్ముపై క్రిమిసంహారం లక్ష్యంగా పెట్టుకోవడం పొరపాటని నా అభిప్రాయం. బూజు పోగులను తీసేసి, ఫిల్మును 30 నుంచి 50 శాతం సాపేక్ష ఆర్ద్రతలో ఉంచితే మిగిలిన బీజాలు మొలకెత్తలేవు. చంపే పని పొడి గాలికి వదిలేయవచ్చు.

తోసిపుచ్చిన ద్రావణులు

ఈ రంగంలో వాడుకలో ఉండి తరువాత మానేసిన ద్రావణుల చరిత్ర తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే పాత పుస్తకాల్లోని సూచనలు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. ఒకప్పుడు ఫిల్ము శుభ్రపరచడానికి కార్బన్ టెట్రాక్లోరైడ్ వాడేవారు. జిడ్డును బాగా కరిగిస్తుంది, మండదు, బేస్‌కు హాని చేయదు. కాలేయాన్నీ మూత్రపిండాలనూ మాత్రం దెబ్బతీస్తుంది. వేడి తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. దాని స్థానంలోకి వచ్చిన 1,1,1-ట్రైక్లోరోఈథేన్ మనిషికి తక్కువ హానికరమే గానీ ఓజోన్ పొరను హరిస్తుంది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం, దాని సవరణల ప్రకారం అభివృద్ధి చెందిన దేశాల్లో దాని ఉత్పత్తి 1996 నుంచి ఆగింది. ఓజోన్‌ను హరించే మరో ద్రావణి సీఎఫ్‌సీ-113కూ అదే గతి పట్టింది. సినిమా ల్యాబుల్లో యంత్రాలతో వాడుతూ వచ్చిన పెర్‌క్లోరోఇథిలీన్ మంచి ద్రావణే. కానీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం గట్టిగా ఉన్న పదార్థాల వర్గంలో, అంటే 2ఏలో ఉంచింది. మూసి ఉన్న యంత్రం, ఆవిరిని తిరిగి పట్టే ఏర్పాటు లేకుండా, బల్ల మీద దూదితో దాన్ని వాడటాన్ని నేను ఆమోదించను.

ఫ్లోరిన్ కలిగిన ఈథర్లు, ఉదాహరణకు నోవెక్ 7100, ఆకర్షణీయంగా కనిపిస్తాయి. మండవు, 61 డిగ్రీల వద్దే మరుగుతాయి, ఫిల్ముకు హాని చేయవు. జిడ్డును కరిగించే శక్తి మాత్రం వాటికి తక్కువ. పైగా అవి పర్యావరణంలో త్వరగా నశించని పీఎఫ్‌ఏఎస్ కుటుంబానికి చెందినవి. ఆ కుటుంబపు ఉత్పత్తిని 2025 చివరికల్లా మానుకుంటామని త్రీఎం సంస్థ 2022 డిసెంబరులో ప్రకటించింది.

పెట్రోలు హైడ్రోకార్బన్ల మిశ్రమమే అయినా అందులో బెంజీన్ ఉంటుంది, చేర్పులు ఉంటాయి, ఎండాక అవశేషం మిగులుతుంది. కిరోసిన్ కూడా జిడ్డు వదులుతుంది. పెయింట్ థిన్నర్‌లో టోలీన్, అసిటోన్, ఎస్టర్లు ఏ పాళ్లలో ఉన్నాయో డబ్బా చూసి చెప్పలేం. లైటర్ ద్రవం నాఫ్తానే గానీ దాని కూర్పు ఒక్కో తయారీకి ఒక్కోలా ఉంటుంది. వీటిలో దేన్నీ పరిశీలనకు తీసుకోలేదు.

హెప్టేన్, హెక్సేన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్

మిగిలినవి సంతృప్త హైడ్రోకార్బన్లు, నీరు లేని ఐసోప్రొపైల్ ఆల్కహాల్. హైడ్రోకార్బన్లు వేలిముద్రల్లోని కొవ్వును, పీవీసీ నుంచి ఊరిన థాలేట్ జిడ్డును, రబ్బరు ఆధారిత టేపు జిగురును కరిగిస్తాయి. జెలటిన్‌ను, అసిటేట్‌ను, పాలియెస్టర్‌ను తాకవు. కావలసినది అదే. వాటిలో దేన్ని ఎంచుకోవాలన్నది మాత్రం పూర్తిగా మనిషి ఆరోగ్యానికి, అగ్ని భద్రతకు సంబంధించిన ప్రశ్న.

నార్మల్ హెక్సేన్ ఫిల్ముపై చక్కగా పనిచేస్తుంది, 69 డిగ్రీల వద్ద మరుగుతుంది, త్వరగా ఆరుతుంది. అయితే శరీరంలోకి చేరాక అది 2,5-హెక్సేన్‌డయోన్‌గా మారుతుంది. ఆ పదార్థం చేతులు, కాళ్ల నరాలను దెబ్బతీస్తుంది. మొదట మొద్దుబారడం, తిమ్మిరి, ఆ తరువాత కండరాల బలహీనత. చాలాకాలం పదేపదే పీల్చేవారిలోనే ఇది కనిపిస్తుంది కాబట్టి పని చేసే రోజున ఏమీ తెలియదు. ఒక్క కార్బన్ పరమాణువు మాత్రమే ఎక్కువున్న హెప్టేన్ శరీరంలో ఈ దారిని గణనీయంగా పట్టదు. అమెరికాలో పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం సూచించే పరిమితులే ఆ తేడాను చూపుతాయి: ఎనిమిది గంటల సగటున హెక్సేన్‌కు 50 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 50), హెప్టేన్‌కు 400 పీపీఎం. ఫిల్ము దృష్ట్యా రెండూ ఒకటే అయినప్పుడు, తుడిచేవారి నరాల దృష్ట్యా ఒకటే ఎంచుకోదగినది. నేను ప్రయోగశాల శ్రేణి నార్మల్ హెప్టేన్‌ను ఎంచుకున్నాను. పారిశ్రామిక శ్రేణిలో దొరికేవాటిలో హెక్సేన్ గణనీయంగా కలిసి ఉండే అవకాశం ఉంది కనుక భద్రతా పత్రంలో కూర్పు చదవకుండా సీసా తెరవకూడదు.

ఎక్కువ మరుగు స్థానం గల ఐసోపారాఫిన్ ద్రావణులను కూడా పరిశీలించాను. వాటి ఫ్లాష్ పాయింట్, అంటే ఆవిరి నిప్పు తగిలితే అంటుకోగల కనీస ఉష్ణోగ్రత, సుమారు 40 డిగ్రీలు లేదా అంతకు పైన ఉండే రకాలున్నాయి, అగ్ని భయం తక్కువ. కానీ నెమ్మదిగా ఆరతాయి. తడిగా ఉన్నంతసేపూ గాలిలోని దుమ్ము ఎమల్షన్‌పై వాలుతుంది. అగ్ని భద్రత ఏర్పాట్లు చేయలేని చోట నేను వీటినే సూచిస్తాను.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను 99 శాతానికి తగ్గని శుద్ధతతో, రెండో వరుస ద్రావణిగా, హెప్టేన్‌కు లొంగని మరకలకు మాత్రమే ఉంచుకున్నాను. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూత తీసి ఉంచిన సీసా కొంతకాలానికి 99 శాతం సీసాగా ఉండదు. అందుకే చిన్న సీసాలు తెచ్చి, ఒకసారి తెరిచినదాన్ని ఫిల్ముకు వాడకుండా పరికరాలు తుడవడానికి మళ్లించాను. పూర్వం లక్క పూత వేసిన ఫిల్ములు, అయస్కాంత శబ్ద పట్టీ ఉన్న సినిమా ఫిల్ములు ఉంటే ఆల్కహాల్ అసలు పనికిరాదు, పూతనూ పట్టీని పట్టి ఉంచే పదార్థాన్నీ కరిగించగలదు. ఈ సేకరణలో శబ్ద పట్టీలు లేవు గానీ కొన్ని స్లైడ్‌లపై ఏటవాలు వెలుతురులో పూత మెరుపు కనిపించింది. వాటికి ఆల్కహాల్ తగలనివ్వలేదు.

పరీక్ష

ఎంపికను కాగితం మీద తేల్చుకున్నాక కూడా రెండు పరీక్షలు తప్పనిసరి. మొదటిది ద్రావణికి. శుభ్రమైన అద్దం పలక మీద కొన్ని చుక్కలు వేసి, ఆరనిచ్చి, ఏటవాలు వెలుతురులో చూస్తే అంచున వలయం గానీ మసక గానీ కనిపించకూడదు. ప్రతి కొత్త సీసాకూ ఇది చేయాలి. రెండోది ఫిల్ముకు. బొమ్మ లేని అంచున, ప్రతి రకం ఫిల్ముపైన, సన్నని దూది పుల్లతో ఒక్కసారి తాకించి, దూదికి రంగు అంటిందేమో, ఉపరితలం మెరుపు మారిందేమో భూతద్దంలో చూశాను. మర్నాడు మళ్లీ చూశాను. బేస్ వంకర పోవడం, పొర లేవడం కొన్నిసార్లు ఆలస్యంగా బయటపడతాయి. కలర్ నెగటివ్‌లలో హెప్టేన్‌తో దూదికి ఏ రంగూ రాలేదు. పాత స్లైడ్‌లలో కొన్నిటిపై ఆల్కహాల్ తాకించిన దూది లేత ఊదా రంగుకు తిరిగింది. అది రంగు కారుతుందనడానికి సూచన కనుక ఆ స్లైడ్‌లన్నిటికీ ఆల్కహాల్ నిషేధించాను.

పని జరిగిన తీరు

దుమ్ము ముందు, ద్రావణి తరువాత. ఇసుక రేణువు ఉన్న ఫిల్మును తడి గుడ్డతో తుడిస్తే గీత పడుతుంది, ఆ గీతను ఏదీ చెరపలేదు. చేతి గాలి బల్బుతో ఊది, మెత్తని కుంచెతో దులిపాకే తడి పని మొదలైంది. బూజు ఉన్నవాటిని వేరే బల్ల మీద, ఎన్95 మాస్క్ పెట్టుకుని దులిపాను. ఆ మాస్క్ బీజాలను ఆపుతుంది గానీ ద్రావణి ఆవిరిని ఆపలేదని ఇక్కడ స్పష్టంగా చెప్పాలి. ఆవిరికి ఆర్గానిక్ వేపర్ గుళికలున్న రెస్పిరేటర్ గానీ, అంతకంటే మేలుగా ఆవిరిని బయటికి లాగే హుడ్ గానీ కావాలి. నేను హుడ్ కింద పని చేశాను.

హెప్టేన్ ఫ్లాష్ పాయింట్ సున్నాకు దిగువన 4 డిగ్రీలు. అంటే మామూలు గది ఉష్ణోగ్రతలో దాని ఆవిరి ఎప్పుడైనా అంటుకోగలదు. ఆ ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువు. నేల వెంట పాకి దూరంలో ఉన్న స్విచ్‌నో హీటర్‌నో చేరుతుంది. బల్ల మీద చిన్న సీసాకు మించి ఉంచకపోవడం, నిప్పురవ్వ పుట్టించే వస్తువులేవీ గదిలో లేకుండా చూడటం అందుకే. చాలామంది పట్టించుకోనిది స్థిర విద్యుత్తు. హైడ్రోకార్బన్లు విద్యుత్తును దాదాపు ప్రవహించనివ్వవు, పాలియెస్టర్ కూడా అంతే. లిథో ఫిల్మును హెప్టేన్ తడిపిన గుడ్డతో వేగంగా తుడిస్తే ఆవిరి మధ్యలోనే రవ్వ పుట్టవచ్చు. ఆ ఫిల్ములను నెమ్మదిగా, నూలు గుడ్డతో, భూమికి కలిపిన లోహపు పలక మీద ఉంచి తుడిచాను. చేతులకు నైట్రైల్ తొడుగులు వాడాను. సహజ రబ్బరు తొడుగులు హెప్టేన్‌లో ఉబ్బిపోతాయి.

గదిలో తేమ ఎంత ఉందన్నదీ ముఖ్యమే. త్వరగా ఆవిరయ్యే ద్రావణి ఫిల్ము ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లని చోట నీటి ఆవిరి సన్నగా పేరుకుంటుంది. బూజు తిన్న జెలటిన్‌పై ఆ మాత్రం నీరు కూడా ప్రమాదమే. హైగ్రోమీటర్ 50 శాతానికి పైన చూపిన రోజుల్లో తడి పని చేయలేదు. గుడ్డ తడిగా కాక చెమ్మగా మాత్రమే ఉండేలా చూసుకోవడం వల్ల కూడా ఈ చలువ తగ్గింది. ద్రావణిని ఎప్పుడూ గుడ్డపై వేశాను, ఫిల్ముపై నేరుగా పోయలేదు. మొదట బేస్ వైపు, ఆ తరువాత ఎమల్షన్ వైపు, ప్రతి వరుసకూ గుడ్డలో కొత్త చోటు, ఒకే దిశలో. గుండ్రంగా రుద్దడం ఈ పనిలో ఎక్కడా ఉండకూడదు.

ఫలితాలు

పీవీసీ జిడ్డు హెప్టేన్‌తో ఒక్క తుడుపుకే పోయింది, ఏ గుర్తూ మిగల్లేదు. బేస్ వైపున్న వేలిముద్రలు పూర్తిగా పోయాయి. ఎమల్షన్ వైపు కొత్తవి పోయాయి గానీ పాతవాటిలో చెమట లవణాలు, ఆమ్లాలు వెండిని అప్పటికే మార్చేసి ఉన్నందున ముద్ర ఆకారం బొమ్మలో భాగమైపోయింది. దానికి స్కానింగ్ తరువాత చేసే దిద్దుబాటే దిక్కు.

టేపు జిగురు రెండు రకాలుగా ప్రవర్తించింది. ఇంకా బంకగా ఉన్నది హెప్టేన్‌కు కరిగింది. ఏళ్లు గడిచి, అణువులు ఒకదానికొకటి పెనవేసుకుని గోధుమ రంగుకు తిరిగినది హెప్టేన్‌కూ లొంగలేదు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కూ లొంగలేదు. దాన్ని కరిగించడానికి అసిటోన్ వంటిది కావాలి. జిగురు బొమ్మ లేని అంచునే ఉంది కదా అని అక్కడ అసిటోన్ వాడమనే సూచన వారసుల నుంచి వచ్చింది. నేను ఒప్పుకోలేదు. అసిటేట్ అంచు ఒకసారి మెత్తబడి వంగితే బొమ్మ కూడా సమతలంగా నిలవదు. బంక పోయి గట్టిపడిన ఆ జిగురు ఇకపై మరే ఫిల్ముకూ అంటుకోదు కనుక దాన్ని అలాగే ఉంచడం వల్ల నష్టం లేదు.

బూజు విషయంలో, బేస్ వైపు పాకిన పోగులు హెప్టేన్ చెమ్మతో చెదిరి గుడ్డకు వచ్చేశాయి. ఎమల్షన్‌లోకి వేళ్లూనినవి పైభాగం మాత్రమే పోయింది, కింద తిన్న దారి ఉండిపోయింది. తిన్న జెలటిన్‌ను తిరిగి తెచ్చే ద్రావణి లేదు. వారసులకు పని మొదలుపెట్టేముందే ఆ మాట చెప్పి, నమూనాగా ఒక నెగటివ్ చూపించి, వారి అంగీకారం తీసుకున్నాను.

రీటచింగ్ ఉన్న నెగటివ్‌లకు పని ఏ వైపు జరిగిందో ఏటవాలు వెలుతురులో గుర్తించి, రెండో వైపు మాత్రమే హెప్టేన్‌తో తుడిచాను. రెండు వైపులా రీటచింగ్ ఉన్నవాటికి కుంచెతో ఆగిపోయాను. వాటి స్కాన్‌లలో కొంత జిడ్డు మసక కనిపిస్తుంది. పెన్సిలు పని చెక్కుచెదరలేదు.

ద్రావణి చెమ్మ ఉన్న గుడ్డలను మూత ఉన్న లోహపు డబ్బాలో వేసి, వాడిన ద్రావణితో కలిపి మండే వ్యర్థాల కింద అప్పగించాను. కాలువలోకి ఏదీ పోలేదు. పీవీసీ కవర్లన్నీ తీసేసి, ఆమ్లం లేని కాగితపు కవర్లలో, పాలియెస్టర్ కవర్లలో ఫిల్ములను పెట్టాను. వెనిగర్ వాసన ఉన్న షీట్లను ఆవిరి బయటికి పోయేలా కాగితపు కవర్లలో, మిగతావాటికి దూరంగా ఉంచాను. ప్రతి కవరుపై బేస్ రకం, వాడిన ద్రావణి పేరు, తేదీ, ఏ వైపు తుడిచినదీ, ఏ వైపు వదిలేసినదీ పెన్సిలుతో రాశాను. మరొకరెవరైనా మున్ముందు ఈ ఫిల్ములను చేతిలోకి తీసుకుంటే, రీటచింగ్ ఉన్న వైపును తుడిచి చూద్దామన్న ఆలోచన వారికి రాకముందే ఆ గమనిక కంటబడాలి.